వేల ఏళ్ల చెట్లు, వాటిని కాచిన ఉద్యోగులు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన సభ్యులు మన సంఘంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నయాగరా జలపాతం గురించీ, న్యూయార్కు మేడల గురించీ వారు సమావేశాలలో చెబుతుంటే మనం వింటూనే ఉన్నాం. ఈ ప్రత్యేక సంచిక కోసం నేను వాటిని పక్కనపెట్టి, కాలిఫోర్నియా రాష్ట్రంలో సియెర్రా నెవాడా కొండల మీదున్న సెకోయా అనే మహావృక్షాల తోపు గురించి రాస్తున్నాను.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అయితే ఆ చెట్లను చూసి వచ్చాక వాటి చరిత్ర చదివితే అందులో ప్రభుత్వ ఉత్తర్వులు, భూముల దరఖాస్తులు, రోడ్డు పనులు, చాలీచాలని జీతాలు, బలవంతపు రిటైర్మెంటు, ఇలా అన్నీ మనం ఎరిగిన సంగతులే కనిపించాయి. రెండు మూడు వేల ఏళ్లు తమంతట తాము బతికిన ఆ చెట్లు, గడచిన నూట అరవై ఏళ్లు మాత్రం కొందరు ఉద్యోగులు కాపలా కాయబట్టి బతికాయి. ఆ కాపలాదారుల కథ మన పెన్షనర్లకూ, వారి పిల్లలకూ తెలియాలన్నది నా ఉద్దేశం.

తోపు దర్శనం

2024 జూన్ నెలలో నేనూ, మా ఆవిడా, మా అబ్బాయి, కోడలు, మనవడు కలిసి సెకోయా జాతీయ ఉద్యానవనానికి వెళ్లాం. ఫ్రెస్నో, వైసేలియా పట్టణాల చుట్టూ ఉన్నదంతా మైదానం. నారింజ తోటలు, బాదం తోటలు కనిపిస్తాయి. అక్కడి నుంచి త్రీ రివర్స్ అనే ఊరు దాటితే కొండ మొదలవుతుంది. మన తిరుమల ఘాట్ రోడ్డులాగే మలుపు మీద మలుపు. పదహారు మైళ్లలో సుమారు ఐదు వేల అడుగుల ఎత్తు ఎక్కాలి. కింద ఎండ మాడుస్తూ ఉండగా పైన స్వెట్టరు వేసుకోవలసి వచ్చింది.

పైన ఉన్న తోపు పేరు జెయింట్ ఫారెస్ట్. ఆ పేరు పెట్టినవాడు జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు, 1875లో. ప్రపంచంలో సెకోయా చెట్లు సహజంగా పెరిగేది ఈ కొండల పడమటి వాలులో మాత్రమే. సుమారు 260 మైళ్ల పొడవున డెబ్బైకి పైగా తోపులు, అక్కడొకటి ఇక్కడొకటిగా, ఎక్కువగా 5,000 నుంచి 7,000 అడుగుల ఎత్తులో ఉన్నాయి. అన్నిటిలో పెద్ద చెట్టు జనరల్ షెర్మన్ ఈ తోపులోనే ఉంది. 1879లో ఒక మాజీ సైనికుడు తన పాత సేనాధిపతి పేరు దానికి పెట్టాడు.

ఈ చెట్టు ఎత్తు 275 అడుగులు, అంటే సుమారు ఇరవై ఏడు అంతస్తుల మేడ అంత. మొదలు చుట్టుకొలత దాదాపు 102 అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే పదిహేడు బారలు. ఇంతకన్నా ఎత్తయిన చెట్లు, ఇంతకన్నా లావు చెట్లు వేరే ఉన్నాయి. కాని ఒకే కాండంలో ఉన్న కలప పరిమాణం లెక్క కడితే ప్రపంచంలో ఇదే పెద్దది. సుమారు 52,500 ఘనపుటడుగులు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పరచుకున్నదని మనకు గర్వం. అది ఊడలు దించుకుంటూ పక్కలకు విస్తరించిన చెట్టు, ఇది ఒంటి కాలి మీద పైకి పెరిగిన చెట్టు. దేని గొప్ప దానిదే.

వయస్సు సుమారు 2,200 ఏళ్లని అంచనా. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కిన కాలానికి కాస్త అటూ ఇటూగా ఇది మొలకెత్తిందన్నమాట. నరికిన మొద్దుల్లో వలయాలు లెక్కపెట్టగా 3,200 ఏళ్లు దాటిన సెకోయాలు కూడా ఉన్నట్టు తేలింది. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని తిరుగుతాం. వీటికి ఆ బెడద లేదు. ప్రతి ఏడూ ఒక వలయం లోపలే వేసుకుని తమ సర్వీసు రిజిస్టరు తామే రాసుకుంటాయి.

చెట్టు చుట్టూ చిన్న కర్ర కంచె ఉంది. రావిచెట్టుకు చేసినట్టు దగ్గరగా ప్రదక్షిణం చేయాలని మా ఆవిడ ముచ్చటపడింది. “నానమ్మా, కంచె దాటకూడదు, వేళ్లు నలిగిపోతాయి” అని మనవడు ఆపాడు. వాడు చెప్పింది నిజమే. ఇంత పెద్ద చెట్టుకు తల్లివేరు లేదు. వేళ్లు పన్నెండు పద్నాలుగు అడుగులకు మించి లోతుకు పోవు. నూరడుగులకు పైగా పక్కలకు పాకుతాయి. లక్షలమంది తొక్కితే మట్టి గట్టిపడి వేళ్లకు నీరూ గాలీ అందవు. మా ఆవిడ కంచె ఇవతల నుంచే దణ్ణం పెట్టుకుంది.

మన వయసు వారికి ఒక సూచన. పైనున్న పార్కింగు నుంచి చెట్టు దగ్గరికి అర మైలు దిగుడు దారి. మెట్లు కూడా ఉన్నాయి. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఏడు వేల అడుగుల ఎత్తులో తిరిగి ఎక్కేటప్పుడే ఆయాసం తెలుస్తుంది. దారి పొడుగునా బల్లలు వేశారు. మోకాళ్ల నొప్పులవారు వేసవిలో నడిచే ఉచిత బస్సు ఎక్కితే అది చెట్టుకు దగ్గరలోనే ఆగుతుంది.

నరికిన రోజులు

ఆ కొండల్లోని ఆదివాసీలకు ఈ చెట్లు తరతరాలుగా తెలుసు. జెయింట్ ఫారెస్టుకు 1858లో హేల్ థార్ప్ అనే పశువుల కాపరిని దారి చూపించి తీసుకువెళ్లింది వారే. ఆయన కూలిపోయిన ఒక సెకోయా మాను తొర్రనే ఇల్లుగా చేసుకుని వేసవుల్లో ఉండేవాడు. ఆ తొర్ర ఇల్లు ఇప్పటికీ ఉంది.

బయటి లోకానికి ఈ చెట్ల వార్త పాకింది 1852లో. ఉత్తరాన కాలవెరాస్ అనే చోట అగస్టస్ డౌడ్ అనే వేటగాడు గాయపడిన ఎలుగుబంటిని తరుముతూ పోయి ఒక మహావృక్షం ముందు నిలబడ్డాడట. మరుసటి ఏడాదే ఆ చెట్టును పడగొట్టారు. అంత మానును కోసే రంపం లేక, పెద్ద బరమాలతో చుట్టూ రంధ్రాలు తొలిచారు. ఐదుగురు మనుషులకు 22 రోజులు పట్టింది. మిగిలిన మొద్దును చదును చేసి దాని మీద నాట్యాలు చేశారు. 1854లో పక్కనున్న మరో చెట్టుకు 116 అడుగుల ఎత్తు వరకు బెరడు ఒలిచి, ముక్కలుగా ఓడలకెక్కించి న్యూయార్కులో, ఆ తరువాత లండనులో డబ్బుకు ప్రదర్శించారు. చూసినవాళ్లు చాలామంది ఇదంతా బూటకమన్నారు. లండనులోని ఆ బెరడు 1866లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బెరడు పోయిన చెట్టు నిలువునా చచ్చింది.

పేరు విషయంలోనూ తగాదా పడ్డారు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1853లో తమ సేనాపతి వెల్లింగ్టన్ పేరు పెడితే, అమెరికావారు తమ వాషింగ్టన్ పేరే ఉండాలన్నారు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాడే పేరు 1939లో గాని స్థిరపడలేదు.

తరువాత కలప వ్యాపారులు దిగారు. విచిత్రమేమంటే సెకోయా కలప పెళుసు. అంత ఎత్తు నుంచి నేల మీద పడగానే మాను పగిలి ముక్కలయ్యేది. దూలాలకు, వాసాలకు పనికిరాదు. కంచె గుంజలకూ, పైకప్పు పెంకు చెక్కలకూ పనికివచ్చేది. కన్వర్స్ బేసిన్ అనే తోపులో 1890ల నుంచి వేలాది మహావృక్షాలను నరికేశారు. వాటిలో చాలా భాగం అక్కడే పగిలి వృథా అయింది. 1891లో నరికిన ఒక చెట్టు అడ్డుకోత ముక్కలు న్యూయార్కు, లండను మ్యూజియాలలో ఉన్నాయి. వాటిలో 1,341 వలయాలు లెక్కకు వచ్చాయి. ఆ చెట్టుకు మార్క్ ట్వేన్ అని రచయిత పేరు పెట్టి మరీ నరికారు.

మొదటి ఉత్తర్వు, మొదటి కాపలాదారు

చెట్లను కాపాడాలన్న మొదటి చట్టం ఈ తోపు కోసం వచ్చింది కాదు. ఉత్తరాన యోసెమిటీ లోయనూ, దానికి దక్షిణంగా ఉన్న మారిపోసా సెకోయా తోపునూ కాపాడటానికి వచ్చింది. 1864 జూన్ 30న, అంతర్యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ దాని మీద సంతకం చేశాడు. ఆ రెండు చోట్లనూ ప్రజల కోసం శాశ్వతంగా ఉంచాలని, ఎవరికీ అమ్మరాదని చెప్పి కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. అప్పటికి ప్రపంచంలో జాతీయ ఉద్యానవనం అన్న మాటే లేదు. మొదటిదైన యెల్లోస్టోన్ 1872లో గాని ఏర్పడలేదు.

ఉత్తర్వు వచ్చింది సరే, అమలు చేసేదెవరు? 1866లో గేలన్ క్లార్క్ అనే ఆయనను గార్డియన్‌గా నియమించారు. ఈయన కథ వినదగ్గది. నలభై రెండో ఏట ఊపిరితిత్తుల జబ్బుతో, ఇక ఎంతోకాలం బతకవని వైద్యులు చెబితే, చివరి రోజులు కొండగాలిలో గడుపుదామని ఆ అడవికి చేరాడు. 1857లో మారిపోసా తోపులో చెట్టు చెట్టునూ చూసి లెక్కపెట్టి లోకానికి చెప్పాడు. గార్డియన్ కొలువుకు ఏడాదికి 500 డాలర్లు కేటాయించారు. అందులోనే సహాయకుడి జీతం, దారుల మరమ్మతు అన్నీ సర్దుకోవాలి. కంటింజెన్సీ బిల్లులు రాసిన మనకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. బాటసారుల కోసం నడిపిన బస అప్పులపాలై చేజారిపోయింది. అయినా తోపును వదలలేదు. రెండు దఫాలుగా ఇరవై ఏళ్లకు పైగా కాపలా కాసి, ఎనభై దాటాక విరమించాడు.

యోసెమిటీ శ్మశానంలో తనకు కావలసిన చోటు తానే ముందుగా ఎంచుకుని, దాని చుట్టూ సెకోయా మొక్కలు నాటి నీళ్లు పోసుకున్నాడు. 1910లో తొంభై ఆరో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు కన్నుమూశాడు. వైద్యులు ఇచ్చిన గడువు మీద యాభై ఏళ్లకు పైగా బతికాడు.

భూమి దరఖాస్తుల తగవు

ఇక మేము చూసిన జెయింట్ ఫారెస్టు దగ్గరికి వస్తాను. రెవెన్యూ శాఖలో చేసినవారికి ఇది బాగా అర్థమయ్యే కథ. 1878 నాటి చట్టం ప్రకారం కలప భూమిని మనిషికి 160 ఎకరాల చొప్పున, ఎకరా రెండున్నర డాలర్లకు ప్రభుత్వం నుంచి కొనుక్కోవచ్చు. 1885 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కొందరు కార్మిక నాయకులు వైసేలియా భూముల కార్యాలయానికి వచ్చి పక్కపక్క భూములకు పదులకొద్దీ దరఖాస్తులు పెట్టారు. వాటిలో చాలా దరఖాస్తులకు చిరునామా ఒక్కటే. ఇది చూస్తే ఏ గుమాస్తాకైనా అనుమానం వస్తుంది. ఏదో కంపెనీ బినామీ పేర్లతో అడవి కాజేస్తున్నదని తలచి కార్యాలయం ఆ భూములను నిలుపుదలలో పెట్టింది.

నిజానికి వారు బినామీలు కారు. అందరూ సమానంగా కష్టపడి సమానంగా పంచుకునే ఊరు ఒకటి కట్టుకోవాలని వచ్చినవారు. కవీయా కాలనీ అని దానికి పేరు. ఇప్పటి జనరల్ షెర్మన్ చెట్టుకు వారు పెట్టుకున్న పేరు కార్ల్ మార్క్స్ వృక్షం! పట్టాలు ఎలాగూ వస్తాయన్న నమ్మకంతో 1886 నుంచి గునపాలూ పారలతో కొండను తొలిచి, నాలుగేళ్లలో 18 మైళ్ల రోడ్డు వేశారు.

ఆ సమయంలోనే వైసేలియా పత్రికా సంపాదకుడు జార్జ్ స్టివార్ట్, ఈ చెట్లను అమ్మకుండా ఉద్యానవనంగా ఉంచాలని గట్టిగా రాయసాగాడు. కొండమీద అడవి పోతే కింద మైదానంలో సాగునీరు పోతుందన్నది రైతుల భయం కూడా. 1890 సెప్టెంబరు 25న సెకోయా జాతీయ ఉద్యానవనం ఏర్పాటు చేస్తూ అధ్యక్షుడు హారిసన్ సంతకం చేశాడు. వారం తిరక్కుండా అక్టోబరు 1న మరో చట్టంతో దాని విస్తీర్ణం దాదాపు మూడింతలు పెంచారు. జెయింట్ ఫారెస్టూ, కాలనీవారు దరఖాస్తు చేసిన భూములూ అందులో కలిసిపోయాయి. రోడ్డు పడింది అదే ఏడాది. కాలనీవారికి భూమీ రాలేదు, రోడ్డుకు పరిహారమూ రాలేదు. పైగా ప్రభుత్వ భూమిలో చెట్లు కొట్టారని వారి పెద్దల మీద కేసు పెట్టి శిక్ష వేశారు. 1892 నాటికి కాలనీ చెదిరిపోయింది.

చెట్లు నిలిచినందుకు సంతోషమే. కాని నాలుగేళ్ల చెమట ఓడ్చి వేసిన రోడ్డును ప్రభుత్వం వాడుకుంటూ ఒక్క డాలరు ఇవ్వకపోవడం న్యాయమని మాత్రం నా ఉద్యోగబుద్ధికి తోచదు. భూసేకరణ ఫైళ్లు చూసినవారు నాతో ఏకీభవిస్తారనుకుంటాను.

రోడ్డు కూలి నుంచి సూపరింటెండెంటు దాకా

వాల్టర్ ఫ్రై అనే ఆయన చెట్లు నరికే పనికి వచ్చినవాడు. ఐదుగురు కలిసి ఐదు రోజులు కష్టపడి ఒక సెకోయాను పడగొట్టాక, కుతూహలం కొద్దీ దాని వలయాలు లెక్కపెట్టాడట. 3,266 వచ్చాయి. దాంతో ఆ పని మానేశాడు. ఉద్యానవనం కావాలన్న మహజరు మీద సంతకం చేసిన మొదటివారిలో ఆయన ఒకడు. 1901లో ఉద్యానవనంలో రోడ్డు పనులకు చేరి, 1905లో రేంజరై, 1914లో మొత్తం ఉద్యానవనానికి సూపరింటెండెంటు అయ్యాడు. సైన్యం వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చున్న మొదటి పౌర ఉద్యోగి ఆయనే. కింది మెట్టు నుంచి పైకి వచ్చినవారి విలువ మన సంఘంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

కెప్టెన్ చార్లెస్ యంగ్

సైన్యం అన్నానుగా, దానికి కారణం ఉంది. 1890 చట్టం ఉద్యానవనాన్ని సృష్టించింది గాని సిబ్బందిని ఇవ్వలేదు. అందుచేత 1891 నుంచి ప్రతి వేసవిలో గుర్రపు దళాలను పంపేవారు. ఆ దళపతే ఆ ఏటికి సూపరింటెండెంటు. 1903లో వచ్చిన దళపతి కెప్టెన్ చార్లెస్ యంగ్. యోసెమిటీ చట్టం వచ్చిన 1864లోనే కెంటకీలో బానిస కుటుంబంలో పుట్టాడు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో పట్టం పొందిన మూడవ నల్లజాతీయుడు. తోటి విద్యార్థుల వెలిని భరించి చదువు ముగించాడు. అమెరికాలో ఒక జాతీయ ఉద్యానవనానికి అధిపతి అయిన మొదటి నల్లజాతీయుడు కూడా ఆయనే.

ఆయనా, ఆయన నల్లజాతి సైనికులూ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పదహారు రోజులు గుర్రాల మీద ప్రయాణం చేసి వచ్చారు. కాలనీవారి రోడ్డు జెయింట్ ఫారెస్టుకు చేరకుండా కొండ మధ్యలోనే ఆగిపోయి ఉంది. ఎన్నో ఏళ్లుగా పని నత్తనడక నడుస్తోంది. యంగ్ ఆ ఒక్క వేసవిలోనే దాన్ని తోపు దాకా పూర్తిచేయించాడు. అంతకుముందు అధికారులంతా కలిసి వేయించిన దానికన్నా ఎక్కువ రోడ్డు ఆ వేసవిలో పడింది. మొట్టమొదటిసారి బండ్లు మహావృక్షాల నీడకు చేరాయి. లోపల మిగిలిపోయిన ప్రైవేటు భూములను ప్రభుత్వం కొనాలని కూడా నివేదికలో రాశాడు. ఆ ఫైలు కదలడానికి పదమూడేళ్లు పట్టింది. 1916లో ప్రభుత్వం 50,000 డాలర్లు, నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 20,000 డాలర్లు వేసుకుని కొన్నారు.

పని ముగిశాక ఒక చెట్టుకు ఆయన పేరు పెడతామని స్థానికులు ముందుకు వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టమన్నాడు. ఇరవై ఏళ్ల తరువాత కూడా మీకు అలాగే అనిపిస్తే అప్పుడు నా పేరు పెట్టండని చెప్పాడు.

తరువాత జరిగింది చదువుతుంటే మనసు కలుక్కుమంది. 1917లో అమెరికా ప్రపంచయుద్ధంలో దిగింది. యంగ్ అప్పటికి లెఫ్టినెంట్ కల్నల్. ఆ లెక్కన పోతే త్వరలో జనరల్ కావలసినవాడు. రక్తపోటు ఉందని వైద్య పరీక్షలో తేల్చి రిటైర్ చేశారు. తెల్ల అధికారులు ఆయన కింద పనిచేయడానికి ఇష్టపడకపోవడమే అసలు కారణమని చరిత్రకారులు అంటారు. తన ఆరోగ్యం బాగుందని రుజువు చేయడానికి 1918లో, యాభై నాలుగో ఏట, ఒహాయోలోని ఇంటి నుంచి రాజధాని వాషింగ్టన్‌కు దాదాపు 500 మైళ్లు గుర్రం మీద వెళ్లాడు. మళ్లీ కొలువులోకి తీసుకున్నారు. కాని యుద్ధం ఐదు రోజుల్లో ముగుస్తుందనగా తీసుకున్నారు. 1922లో కొలువులో ఉండగానే నైజీరియాలోని లాగోస్ నగరంలో మరణించాడు.

ఆయన అడిగిన ఇరవై ఏళ్లు కాస్తా నూరేళ్లయింది. 2004లో జెయింట్ ఫారెస్టులో, వాషింగ్టన్ పేరున్న చెట్టుకు దగ్గరలోనే, మరో సెకోయాకు కల్నల్ యంగ్ పేరు పెట్టారు. ఆగిపోయిన జనరల్ ప్రమోషన్ 2022లో, మరణించిన నూరేళ్లకు ఇచ్చారు. ఆ చెట్టు దగ్గర నేను కాసేపు నిలబడ్డాను. ప్రమోషన్ ఉత్తర్వు చేతికందక ముందే రిటైరైనవారు, పోయినవారు మనలోనూ ఉన్నారు. ఆ పేర్లు తలపుకు వచ్చాయి.

నిప్పు విషయంలో ఉత్తర్వు మార్పు

అడవికి నిప్పు శత్రువని ఎవరైనా అంటారు. ఉద్యానవనం అధికారులూ అలాగే అనుకుని, దశాబ్దాల పాటు ఎక్కడ నిప్పు కనిపించినా ఆర్పించారు. సిబ్బంది నిజాయితీగానే పనిచేశారు. కాని తోపుల్లో కొత్త సెకోయా మొక్క ఒక్కటీ కనిపించకపోవడం 1960ల నాటికి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది.

కారణం చెట్టు స్వభావంలోనే ఉంది. సెకోయా కాయ కోడిగుడ్డంత ఉంటుంది. విత్తనం అటుకు కన్నా పెద్దది కాదు. 91,000 విత్తనాలు తూస్తే ఒక పౌను. కాయలు ఇరవై ఏళ్ల దాకా పచ్చిగానే కొమ్మకు ఉంటాయి. కింద మంట వచ్చి వేడిగాలి పైకి వెళితే అప్పుడు కాయలు ఎండి విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. రాలిన విత్తనానికి ఆకుచెత్త లేని వట్టి నేల కావాలి, ఎండ తగలాలి. మంటే ఆ నేలను శుభ్రం చేసి పెడుతుంది. పెద్ద చెట్టుకేమో రెండడుగుల దాకా మందమైన బెరడు కవచం. మామూలు మంట దానిని ఏమీ చేయలేదు. వలయాల్లోని కాలిన మచ్చలు పరిశీలించి, పూర్వం ఈ తోపుల్లో చిన్న మంటలు తరచుగా వచ్చేవని అరిజోనా విశ్వవిద్యాలయం వారు తేల్చారు. కొన్ని పిడుగుల వల్ల, కొన్ని ఆదివాసీలు పెట్టినవి.

1963లో ఒక నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది. 1968 నుంచి సెకోయా, కింగ్స్ కాన్యన్ ఉద్యానవనాల్లో సిబ్బందే, వాతావరణం చూసుకుని, అదుపులో ఉండేలా నిప్పు పెట్టడం మొదలుపెట్టారు. అరవై డెబ్బై ఏళ్లుగా ఆర్పడమే విధి అనుకున్న శాఖ, అంటించడం కూడా తన విధేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఒక పాత సర్క్యులర్ రద్దు చేయించడానికి ఎన్ని నోట్లు పెట్టాలో మనకు తెలుసు.

కాని ఆ పని అన్ని తోపుల్లోనూ జరగలేదు. నూరేళ్లుగా పేరుకున్న ఎండు పుల్లలు, కిక్కిరిసి పెరిగిన చిన్న చెట్లు, 2012 నుంచి 2016 దాకా వచ్చిన కరువు, పెరుగుతున్న వేడి, అన్నీ కలిశాయి. 2020లో వచ్చిన కార్చిచ్చులో 7,500 నుంచి 10,600 దాకా పెద్ద సెకోయాలు చచ్చాయని అంచనా. 2021లో మరో 2,261 నుంచి 3,637 దాకా పోయాయి. రెండేళ్లలో మొత్తం పెద్ద చెట్లలో 13 నుంచి 19 శాతం. రెండు వేల ఏళ్లు నిప్పును తట్టుకున్నవి రెండు వేసవుల్లో పోయాయి.

2021 సెప్టెంబరులో మంటలు జెయింట్ ఫారెస్టు అంచుకు వచ్చాయి. జనరల్ షెర్మన్ మొదలు చుట్టూ మంటను తట్టుకునే వెండి రంగు రేకు గుడ్డ చుట్టి, సిబ్బంది రాత్రింబవళ్లు కాశారు. చెట్టు దక్కింది. ఆ తోపులో కొన్ని దశాబ్దాలుగా అదుపులో నిప్పు పెడుతూ చెత్త పేరుకోకుండా చూడటం వల్లనే మంట అక్కడికి వచ్చేసరికి తగ్గిందని అధికారులు చెప్పారు. అంటే రేకు చుట్టిన ఫోటోలు పత్రికలకెక్కాయి గాని, చెట్టును కాచింది అంతకుముందు ఏటేటా పేరూ ఊరూ లేని సిబ్బంది చేసిన పని. పూర్తిగా కాలిపోయిన కొన్ని తోపుల్లో మొక్కలు నాటాలని 2023లో ఉద్యానవన శాఖ నిర్ణయించింది. ఆ మొక్కలు షెర్మన్ అంత కావాలంటే రెండు వేల ఏళ్లు కావాలి. నాటేవారిలో ఎవరూ చూడరు.

ముగింపు

ఈ కథలో ఉన్నవారిలో ఎవరూ ఆ తోపుకు యజమానులు కారు. క్లార్క్ గార్డియన్, ఫ్రై రేంజరు, యంగ్ ఒక్క వేసవికి వచ్చిన దళపతి. 1968లో మొదటి నిప్పు పెట్టినవారి పేర్లు మనకు తెలియవు. ఒకరు జబ్బుతో వచ్చారు, ఒకరు గొడ్డలితో వచ్చారు, ఒకరు అవమానాలు మోస్తూ వచ్చారు. చట్టాలు పైన చేశారు. ఆ చట్టం చెట్టు మొదలు దాకా చేరింది మాత్రం వీరి వల్ల. తమకు అప్పగించినదాన్ని తమ హయాంలో పాడు కానివ్వకుండా తరువాతివారికి ఛార్జి అప్పగించి వెళ్లారు.

మన సభ్యులలో అటవీ శాఖలో, రెవెన్యూలో, నీటిపారుదలలో, రోడ్లు భవనాల శాఖలో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ఆక్రమణ కానివ్వకుండా చెరువును నిలిపినవారు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాత చింతచెట్లను తప్పించి గీత గీయించినవారు, దొంగ పట్టాను పట్టుకున్నవారు ఉండే ఉంటారు. ఆ సంగతులు ఫైళ్లలో ఉండవు, ఉన్నా ఎవరూ తీసి చూడరు. ఊరి పేరు, సంవత్సరం, జరిగినది జరిగినట్టుగా రాసి మన పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను. నల్లజాతి కెప్టెన్ వేయించిన రోడ్డు కథ ఆయన దేశంవారికే చాలాకాలం తెలియలేదు. మన కథలు మన మనవలకైనా తెలియాలి కదా.